నూనె ఎండిన వాచీ

అనంతపురంలో వాచీ ఆగిపోవడానికి రెండే కారణాలని మా మిత్రుడు అనేవాడు. ఒకటి దుమ్ము, రెండోది ఎండిపోయిన నూనె. కింద పడి పగిలినవీ, నీళ్ళలో మునిగినవీ కూడా వచ్చేవి కానీ వాటిని ఆయన జబ్బుల్లో లెక్కేసేవాడు కాదు, ప్రమాదాలనేవాడు. టవర్ క్లాక్‌కు దగ్గర్లో ఒక సందులో, కాళ్ళు చాపుకోవడానికి కూడా చోటు లేని బంకులో కూర్చొని జీవితమంతా వాచీలు బాగుచేశాడు. తన పేరు అచ్చులో కనిపిస్తే మొహమాటపడే మనిషి కాబట్టి ఇక్కడ కూడా రాయడం లేదు.

ఆయన పోయాక ఆ బంకులో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. బీరువా అడుగున నాయన వాచీయో, తాత వాచీయో దాచుకున్నవాళ్ళు మాత్రం ఇంకా అడుగుతూనే ఉన్నారు. దీన్ని బాగుచేయించవచ్చా? చేయిస్తే ఎంతవరకు చేయించాలి? ఆయన పక్కన స్టూలు మీద కూర్చొని విన్నదీ చూసిందీ వాళ్ళకు పనికొస్తుందనే ఇది రాస్తున్నాను.

ముందు లోపల ఏముందో చూడాలి. కీ ఇచ్చి నడిపే చేతి వాచీలో శక్తినంతా దాచుకునేది ఒక చుట్ట స్ప్రింగు. అది బ్యారెల్ అనే చిన్న డబ్బాలో ఉంటుంది. పొద్దున కీ తిప్పితే బిగుసుకుంటుంది, ఆ తర్వాత ఒకటిన్నర రోజు దాకా మెల్లగా విప్పుకుంటూ చక్రాలను తిప్పుతుంది. చిక్కంతా ఆ మెల్లగా అన్న మాట దగ్గరే ఉంది. పట్టి ఆపేది లేకపోతే స్ప్రింగు కొన్ని సెకన్లలోనే గిర్రున విప్పుకొని ఊరుకుంటుంది. బుక్కరాయసముద్రం చెరువు ఎంత నిండినా తూము లేకపోతే ఆ నీళ్ళు మడికి పనికిరావు, కట్ట తెంచుకొని పోతాయి. వాచీలో తూము పని చేసే భాగాన్ని ఎస్కేప్‌మెంట్ అంటారు. ఒక పళ్ళ చక్రం, దాని పళ్ళను ఒక్కొక్కటిగా పట్టి వదిలే రెండు కొమ్ముల మీట, ఆ మీటను అటూ ఇటూ కొట్టే బ్యాలెన్స్ చక్రం కలిసి ఈ పని చేస్తాయి. తిరిగిన బ్యాలెన్స్ చక్రాన్ని మళ్ళీ వెనక్కి లాగేది హెయిర్ స్ప్రింగు అనే సన్నటి చుట్ట తీగ. మనకు వినిపించే టిక్ టిక్, మీటా పళ్ళూ ఒకదాన్నొకటి తగిలే చప్పుడు.

హెచ్ఎంటీ జనతా వాచీ గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకు 5. రోజుకు 4,32,000. ఏడాదంతా ఆపకుండా నడిస్తే 15 కోట్ల 76 లక్షలు దాటుతుంది. రోజుకు అర నిమిషం లేటవుతోందని విసుక్కుంటూ వచ్చినవాళ్ళకు మా మిత్రుడు లెక్క చెప్పేవాడు. రోజుకు 86,400 సెకన్లు, అందులో తప్పింది 30. వెయ్యికి ఒకటి కూడా కాదు. "నువ్వొచ్చిన బస్సు ఎంత లేటప్పా?" అని అడిగేవాడు.

ఇక దుమ్ము సంగతి. పడమటి కనుమల చాటున ఉండడం వల్ల మా జిల్లాకు నైరుతి గాలి వస్తుంది గానీ వాన సరిగా రాదు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడుతుంది, అదీ పడితే. ఆషాఢంలో ఆ పొడిగాలి ఎంత గట్టిగా వీస్తుందో రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టినవాళ్ళకు తెలుసు. విత్తనం పడక బీడుగా ఉన్న ఎర్ర నేల మీది మట్టి లేచి ఊరంతా తిరుగుతుంది. పాతకాలం వాచీల మూతలకు ఇప్పటి మాదిరి గట్టి రబ్బరు వాషర్లు లేవు. ఉన్నవి కూడా ఎండకు బిరుసెక్కి పగిలేవి. కీ గొట్టం పక్కనుంచీ, వెనక మూత అంచునుంచీ సన్న ధూళి లోపలికి పోతుంది.

పోతే ఏమవుతుంది? ధూళిలో ఇసుక ఉంటుంది, ఇసుకంటే క్వార్ట్జ్, అది ఉక్కుకన్నా గట్టిది. వాచీ చక్రాల ఇరుసులేమో ఉక్కువి. బ్యాలెన్స్ చక్రం ఇరుసు మొన మిల్లీమీటరులో సుమారు పదో వంతు మందం ఉంటుంది. అది తిరిగేది కెంపులో తొలిచిన రంధ్రంలో. డయల్ మీద 17 జ్యువెల్స్ అని రాసి ఉండేది ఈ కెంపుల లెక్కే. వాటిని చూసి వాచీలో రత్నాలున్నాయని మురిసిపోయేవాళ్ళు కొందరు, అవి తీసేసుకుంటాడేమోనని రిపేరు చేసే మనిషిని అనుమానించేవాళ్ళు కొందరు. 1902లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వెర్నూయి కృత్రిమంగా కెంపు తయారుచేసే పద్ధతిని బయటపెట్టాక వాచీల్లోకి వస్తున్నవన్నీ అలాంటివే, అమ్మితే టీ డబ్బులు కూడా రావు. కెంపు గట్టిదే, కానీ ఇసుక రేణువు నూనెలో కలిసి ఆ రంధ్రంలో చేరిందంటే సెకనుకు ఐదుసార్లు ఉక్కు ఇరుసును అరగదీస్తుంది. వాచీ వెంటనే ఆగదు. ఆగకపోవడమే ఇందులో ప్రమాదం, ఇరుసు పూర్తిగా చెడేదాకా మనకు తెలియదు.

నూనె ఇంకో కథ. ఎస్కేప్‌మెంట్‌లో పడే నూనె చుక్క సూది మొనంత. కొన్నేళ్ళకు అది చిక్కబడి జిగురవుతుంది, తర్వాత ఎండి పొరకడుతుంది. ఎండలు 40 డిగ్రీలు దాటే ఊళ్ళో ఆ పని ఇంకాస్త తొందరగా జరుగుతుంది. పాత నూనెలు జంతువుల కొవ్వు నుంచో, చెట్టు గింజల నుంచో తీసినవి కాబట్టి త్వరగా చెడేవి, ఇప్పటి స్విస్ సింథటిక్ నూనెలు నయం. ఇరవై ఏళ్ళు బీరువాలో ఉన్న వాచీని బయటికి తీసి, కీ ఇచ్చి, "నడుస్తోంది, బాగుంది" అని సంబరపడి చేతికి కట్టుకోవడం అన్నిటికన్నా చెడ్డ పని. పొడి ఇరుసుల మీద నడుస్తున్న వాచీ అది. ముందు సర్వీసింగ్, తర్వాతే చెయ్యి.

ఈ నూనె బాధ మన ఒక్కరిదే కాదు. ఇంగ్లండులో జార్జ్ డేనియల్స్ అనే వాచీ తయారీదారు (1926-2011) ఉండేవాడు. ఆయన కూడా పాత వాచీలు రిపేరు చేస్తూ మొదలుపెట్టినవాడే. 18వ శతాబ్దపు మహా పనివాడు బ్రెగే చేసిన గడియారాలను బాగుచేస్తూ, వాటి కిటుకులు నేర్చుకొని, చివరికి తానే మొదటినుంచీ చివరిదాకా వాచీలు చేతితో చేసే స్థాయికి వచ్చాడు. 1970ల్లో ఆయన కనిపెట్టిన కో-యాక్సియల్ ఎస్కేప్‌మెంట్ ఉద్దేశం ఒక్కటే: పళ్ళు మీట మీద జారి రాసుకోవడం తగ్గిస్తే నూనె అవసరం తగ్గుతుంది. స్విస్ కంపెనీలను ఒప్పించడానికి ఏళ్ళు పట్టింది, 1999లో ఒమేగా దాన్ని వాచీల్లో పెట్టింది. ఈ సంగతి చెప్పినప్పుడు మా మిత్రుడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అట్లయితే ఆ దొరకు కూడా నూనెతోనే వచ్చిందన్నమాట బాధ" అన్నాడు.

వేడికి ఇంకో దెబ్బ కూడా ఉంది. మామూలు ఉక్కు హెయిర్ స్ప్రింగు వేడెక్కితే మెత్తబడి, వాచీ వెనకబడుతుంది. డిగ్రీకి రోజుకు పది సెకన్ల దాకా. మాఘం తెల్లవారుజాముకూ వైశాఖం మధ్యాహ్నానికీ 24 డిగ్రీల తేడా ఉందనుకుంటే నాలుగు నిమిషాలు! ఈ సమస్యకు విరుగుడు కనిపెట్టినవాడు స్విట్జర్లాండులో పుట్టిన షార్ల్ గియోమ్. వేడికి సాగని, మెత్తబడని నికెల్-ఉక్కు మిశ్రమాల మీద చేసిన పనికి 1920లో ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. మన తాతల కాలం తర్వాతి వాచీల్లో హెయిర్ స్ప్రింగులన్నీ ఆ దారిలో వచ్చినవే.

మా వైపు ఇళ్ళల్లో దొరికే వాచీలు ఎక్కువగా హెచ్ఎంటీలే. బెంగుళూరు పక్కనే కదా. 1953లో యంత్ర పనిముట్ల కోసం మొదలైన ఆ ప్రభుత్వ సంస్థ, 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగుళూరులో వాచీల ఫ్యాక్టరీ పెట్టింది. మొదటి వాచీలను నెహ్రూ విడుదల చేశాడు. తర్వాత తుమకూరులో ఇంకో ఫ్యాక్టరీ వచ్చింది. జనతా, పైలట్, సోనా, కోహినూర్, కాంచన్, ఆడవాళ్ళకు సుజాత... పెళ్ళిలో అల్లుడికి వాచీ పెట్టడం ఆనవాయితీ అయ్యింది ఈ వాచీలతోనే. వెనక మూత మీద పేరూ పెళ్ళి తేదీ చెక్కించుకున్నవి ఇప్పటికీ కనిపిస్తాయి. అంతకుముందువి ఫావ్రె లూబా, వెస్ట్ ఎండ్ వంటి స్విస్ వాచీలు. గుంతకల్లు రైల్వే కుటుంబాల నుంచి వెస్ట్ ఎండ్ జేబు గడియారాలు వచ్చేవి, వాటిని చూస్తే మా మిత్రుడు టీ కూడా పక్కన పెట్టేసేవాడు.

ఆయన వ్యాపారం పంటను బట్టి నడిచేది. చెనిక్కాయలు చేతికొచ్చిన ఏడు దీపావళి దాటాక బంకు ముందు జనం నిలబడేవాళ్ళు. వాన తప్పిన ఏడు వాచీలు రావు. ఇచ్చినవాళ్ళు కూడా తీసుకుపోవడానికి రారు, బెంగుళూరుకు కూలికి పోయుంటారు. అలా మిగిలిపోయిన వాటిని ఒక్కొక్కటిగా కాగితంలో చుట్టి, పేరూ ఊరూ రాసి రేకు పెట్టెలో పెట్టేవాడు. పదేళ్ళు దాటినవి మాత్రం విప్పి విడిభాగాలకు వాడుకునేవాడు. అది తప్పో ఒప్పో ఆయనకే తేలలేదు, నాకు కూడా తేలలేదు.

క్వార్ట్జ్ వచ్చి ఈ లోకాన్ని తలకిందులు చేసింది. 1969 డిసెంబరు 25న సీకో తొలి క్వార్ట్జ్ చేతి వాచీని అమ్మకానికి పెట్టింది. ఇప్పటి క్వార్ట్జ్ వాచీల్లో బ్యాటరీతో సెకనుకు 32,768 సార్లు అదిరే స్ఫటికం ఉంటుంది. ఆ వింత అంకెకు కారణముంది: దాన్ని పదిహేనుసార్లు సగం చేస్తూ పోతే సరిగ్గా ఒకటి మిగులుతుంది. మన దగ్గర 1980ల్లో హైదరాబాద్ ఆల్విన్ సీకో సహకారంతో వాచీలు చేసింది. 1984లో పుట్టిన టైటాన్ హోసూరు నుంచి క్వార్ట్జ్‌నే నమ్ముకొని బజారును పట్టేసింది. హెచ్ఎంటీ తేరుకోలేదు. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం హెచ్ఎంటీ వాచీల కంపెనీని మూసేయడానికి ఆమోదం తెలిపింది. మూతపడిందనగానే జనానికి ఆ వాచీలు గుర్తొచ్చాయి, ధరలు పెరిగాయి. బతికున్నప్పుడు కొనని వస్తువు కోసం పోయాక వెతకడం మనకు అలవాటే.

ఇక అసలు పని. ఆయన ఒక జనతాను విప్పి బిగించడం మొదటినుంచి చివరిదాకా చూశాను. వెనక మూత తియ్యగానే మొదట చేసేది స్ప్రింగులో మిగిలున్న కీని వదలడం. స్ప్రింగు విప్పుకోకుండా ఆపే కొక్కేన్ని పుల్లతో పక్కకు నొక్కి పట్టి, కీ బొడిపెను వేళ్ళ మధ్య నుంచి కొద్దికొద్దిగా తిరగనిస్తాడు. అది మరిచి మీటను ఊడదీస్తే బిగిసిన స్ప్రింగు ఒక్కసారిగా విదిలించుకొని పళ్ళు విరిగిపోవచ్చు. తర్వాత ముళ్ళు. డయల్ మీద గీత పడకుండా సన్నటి ప్లాస్టిక్ ముక్క పరిచి పైకి లేపుతాడు. డయల్, బ్యాలెన్స్, మీట, ఆ పైన ఒక్కో చక్రం. ఏ స్క్రూ ఎక్కడిదో రాసుకోడు, తీసిన వరుసలో గాజు పలక మీద పేరుస్తాడు. అన్నీ పెట్రోల్లో కడిగి, కుంచెతో తుడిచి, కెంపు రంధ్రాలను వెదురు పుల్ల మొనను బ్లేడుతో చెక్కి పొడుస్తాడు. పుల్ల నల్లగా వస్తే మళ్ళీ చెక్కి మళ్ళీ పొడవాలి, తెల్లగా వచ్చేదాకా. నోటితో మాత్రం ఊదడు, ఊపిరిలో తేమ ఉంటుంది. రబ్బరు బుడ్డితోనే గాలి కొడతాడు.

ఆ వాచీలో హెయిర్ స్ప్రింగు రెండు చుట్లు ఒకదానికొకటి తగులుకున్నాయి. ఇంతకుముందు విప్పినవాడెవడో పట్టకారు జారనిచ్చినట్టుంది. కంటికి కళ్ళద్దం బిగించి, తెల్ల కాగితం మీద ఆ చుట్టను పెట్టి, రెండు పట్టకార్లతో పనికి దిగాడు. ఒకటి తీగను పట్టి ఉంచడానికి, ఒకటి నెట్టడానికి. నెట్టేది ఎంత అంటే, బయటినుంచి చూసేవాడికి చెయ్యి కదిలినట్టే తెలియదు. నెట్టి, వదిలి, చూసి, మళ్ళీ నెట్టడం. పైనుంచి చూస్తే చుట్ల మధ్య సందులు సమంగా ఉండాలి, పక్కనుంచి చూస్తే తీగంతా ఒకే మట్టంలో ఉండాలి. ఒక వైపు సరిచేస్తే రెండోది చెడుతుంది. సంత గోల వినిపిస్తున్న సందులో, టేబుల్ ఫ్యాన్ ఆపేసి, చెమట కారుతుంటే తుడుచుకోకుండా ఆయన చేసిన ఆ పనిని నేను ఎవరికి చెప్పినా అర్థం చేయించలేకపోతున్నాను.

చివర నూనె. సూదిని కాల్చి సాగదీసి మొన చదును చేసుకున్న పనిముట్టుతో ఒక్కో కెంపు గుంటలో సగానికి మించకుండా. ఎక్కువైతే పాకి హెయిర్ స్ప్రింగు మీదికి పోతుంది. మీట ఇరుసులకు అసలు వేయకూడదు, అవి పొడిగానే తిరగాలి. "నూనె ఎక్కువేసినోడూ అసలు వేయనోడూ ఇద్దరూ ఒకటే" అనేవాడు. బిగించాక మూడు రోజులు దగ్గరే ఉంచుకొని, ఆకాశవాణి వార్తల ముందు వచ్చే పిప్ పిప్‌తో సరిచూసేవాడు. ఒక రోజు డయల్ పైకి, ఒక రోజు కిందికి, ఒక రోజు కీ కిందికి వచ్చేట్టు నిలబెట్టి. పడుకోబెట్టినప్పుడు సరిగా నడిచి, చేతికి కట్టుకుంటే తప్పే వాచీలు ఉంటాయి.

ఉన్నట్టుండి రోజుకు చాలా నిమిషాలు ముందుకు పోతోందంటే మాత్రం విప్పకముందే చూసుకోవలసింది అయస్కాంతం. ఫోనూ స్పీకరూ పక్కన పెట్టిన వాచీకి అయస్కాంతం పట్టి హెయిర్ స్ప్రింగు చుట్లు అతుక్కుంటాయి. దిక్సూచి దగ్గర వాచీని కదిపి చూడండి, దాని ముల్లు ఊగులాడితే అదే జబ్బు. డీమ్యాగ్నెటైజర్ ఉన్నవాళ్ళ దగ్గర నిమిషం పని.

బాగుచేయడం ఎంతవరకు అన్నదే కష్టమైన ప్రశ్న. కళ్యాణదుర్గం వైపు నుంచి ఒకాయన వాళ్ళ నాయన జనతా తెచ్చాడు. తెల్ల డయల్ పసుపెక్కి, అంచుల్లో మచ్చలు. యంత్రం సరిచేసి డయల్ కొత్తది వేయమన్నాడు. కొత్త డయల్ అంటే బజార్లో దొరికేది పాతదాన్ని గోకి మళ్ళీ రంగేసి అచ్చేసింది. "మీ నాయన వాచీ తెచ్చి నా వాచీ తీసుకపోతానంటావేందప్పా?" అని మా మిత్రుడు ఒప్పుకోలేదు. అద్దం మార్చాడు, యంత్రం కడిగాడు, డయల్ జోలికి పోలేదు. వచ్చినాయన మొహం ముడుచుకొనే పోయాడు. ఈ రీడయల్ వాచీలే ఇప్పుడు పాతవని ఇంటర్నెట్‌లో మెరిసిపోతూ అమ్ముడవుతున్నాయి. గుర్తుపట్టడం కష్టం కాదు. అక్షరాల అంచులు పలచబడి పాకినట్టుంటాయి, గంటల గీతలు ముల్లుతో సరిగా కలవవు, కంపెనీ ఎన్నడూ చేయని రంగులు కనిపిస్తాయి.

అలాగని ఆయన చేసిందంతా మెచ్చుకోను. డయల్‌ను ముట్టనివాడు కేసును మాత్రం పాలిష్ చక్రం మీద పెట్టి అద్దంలా మెరిపించేవాడు. కొడుకు పెళ్ళికి కట్టుకోవాలని వచ్చేవాళ్ళకు మెరుపే కావాలి, నిజమే. కానీ ప్రతి పాలిష్‌కూ లోహం పోతుంది, పదునైన అంచులు గుండ్రబడతాయి, వెనక చెక్కించుకున్న పెళ్ళి తేదీ అరిగిపోతుంది. చెప్పి చూశాను. "గీతలు చూసుకొని మురిసేది నువ్వొక్కడివే" అన్నాడు.

ఒక హెచ్చరిక కూడా ఉంది. 1960లకు ముందు, చీకట్లో మెరిసేవని కొన్న వాచీల ముళ్ళ మీదా అంకెల మీదా ఉన్న పూత నిజమైన రేడియం కావచ్చు, మన ఊళ్ళో బండ్లకు అంటించే రేడియం స్టిక్కరు కాదు. 1920ల్లో అమెరికా ఫ్యాక్టరీల్లో ఆ పూత వేసిన అమ్మాయిలు కుంచెను పెదవులతో మొనదేల్చి, దవడ ఎముకలు పుచ్చి చనిపోయారు. మెరుపు ఎప్పుడో పోయి ఉంటుంది, రేడియం పోదు, అది సగానికి తగ్గడానికే 1,600 ఏళ్ళు కావాలి. మూసిన వాచీ ఇంట్లో ఉంటే గాభరా పడనక్కర్లేదు. కానీ అద్దం తెరిచి గోకడం, ఆ పొడిని ఊదడం ప్రాణం మీదికి తెస్తుంది. రిపేరుకు ఇచ్చేటప్పుడు ఆ మాట చెప్పి ఇవ్వండి.

యాంత్రిక గడియారాల నైపుణ్యాన్ని స్విస్, ఫ్రెంచి ప్రాంతాల వారసత్వంగా 2020లో యునెస్కో జాబితాలో చేర్చారు. బెంగుళూరు జాలహళ్ళిలో హెచ్ఎంటీ పాత వాచీలతో మ్యూజియం ఉంది. మన సందుల్లోని బంకులను ఎవరూ ఏ జాబితాలోనూ రాయలేదు. మా మిత్రుడి కొడుకులకు ఆ పని రాదు, నేర్పుతానని ఆయన కూడా అనలేదు.

ఇంకా అక్కడక్కడా పాత పనివాళ్ళున్నారు. మీ వాచీ ఇచ్చేముందు రెండు మాటలు అడగండి. విప్పి కడిగి నూనె వేస్తారా, లేక మూత తీసి పైనుంచి చుక్క వేసి ఇస్తారా? రెండోదైతే మాట్లాడకుండా లేచి రండి. మొదటిదైతే, మార్చిన పాత భాగాలన్నీ చిన్న కాగితంలో చుట్టి వాచీతోపాటు తిరిగి ఇమ్మనండి. స్ప్రింగు, అద్దం, చివరికి విరిగిన స్క్రూ అయినా సరే. ఇవ్వననే మనిషికి వాచీ ఇవ్వకండి.